రిష్‌మాంట్: నగల లాభం, గడియారాల బరువు, రూపర్ట్ కుటుంబం చేతిలో సగం ఓట్లు

వాటాదారు_రాజమండ్రి:
ఈ వేదికలో విలాసవస్తు సంస్థల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ లూయీ వీటాన్ మాతృసంస్థ ఎల్‌వీఎంహెచ్ దగ్గర మొదలై అక్కడే ముగుస్తోంది. నేను కొంతకాలంగా స్విట్జర్లాండ్‌కు చెందిన రిష్‌మాంట్ వార్షిక నివేదికలు చదువుతున్నాను. కార్టియర్, వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్, బుచెల్లాటి వంటి నగల సంస్థలు, వాషెరాన్ కాన్‌స్టాంటిన్, జేజర్ లెకూల్ట్, ఐడబ్ల్యూసీ, పానెరాయ్, పియాజే వంటి గడియారాల సంస్థలు, క్లోయీ, అలాయా, డన్‌హిల్, మాంట్‌బ్లాంక్ వంటి దుస్తులు, తోలువస్తువులు, కలాల సంస్థలు అన్నీ దీని కిందే ఉన్నాయి. 2025 మార్చితో ముగిసిన సంవత్సరంలో అమ్మకాలు 2,140 కోట్ల యూరోలు. నిర్వహణ లాభం దాదాపు 447 కోట్లు. అందులో నగల విభాగం ఒక్కటే తెచ్చినది దాదాపు 490 కోట్లు. అంటే ఒక్క విభాగపు లాభం మొత్తం సంస్థ లాభం కన్నా ఎక్కువగా ఉంది. మరి మిగతావాటిని అట్టే పెట్టుకోవడానికి కారణమేమిటి? కార్టియర్, వాన్ క్లీఫ్ మాత్రమే ఉంచుకుని మిగిలినవి అమ్మివేస్తే వాటాదారుకు మేలు కాదా? ఈ విషయం తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

లెక్కల_మాస్టారు:
అంకెలు సరిగ్గానే చెప్పారు. అయితే ఆ అంకెలను విభాగాలుగా ఎలా పంచారో చూడకుండా ఒక నిర్ణయానికి రావడం తొందరపాటు అవుతుంది. నగల విభాగం అమ్మకాలు దాదాపు 1,530 కోట్ల యూరోలు, దాని మీద నిర్వహణ లాభం సుమారు 32 శాతం. గడియారాల విభాగం అమ్మకాలు సుమారు 328 కోట్లు, లాభం 5 శాతానికి కాస్త పైన. అంతకు ముందు సంవత్సరం అదే విభాగం 15 శాతం లాభం చూపింది. చైనాలో గిరాకీ పడిపోవడంతో అమ్మకాలు 13 శాతం తగ్గాయి, లాభం మాత్రం మూడింట ఒక వంతుకు పడిపోయింది. కర్మాగారం, పనివారు, దుకాణాల అద్దెలు అన్నీ స్థిరఖర్చులు కావడం వల్ల గడియారాల వ్యాపారంలో అమ్మకం కాస్త జారితే లాభం బాగా జారుతుంది. మూడవ విభాగమైన దుస్తులు, తోలువస్తువులు మొదలైనవి సుమారు 280 కోట్ల అమ్మకాల మీద 10 కోట్ల యూరోల నష్టం చూపాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కార్టియర్ గడియారాలు గడియారాల విభాగంలోకి రావు. శాంటోస్, టాంక్, పాంథేర్ అన్నీ నగల విభాగం లెక్కలోనే ఉంటాయి. పియాజే నగలు చేసినా దాని లెక్క గడియారాల విభాగంలో పడుతుంది. కాబట్టి "నగలు బాగున్నాయి, గడియారాలు బాగాలేవు" అని రిష్‌మాంట్ నివేదిక చెప్పినట్టు కనిపించినా, నిజానికి అది చెప్పేది "కార్టియర్, వాన్ క్లీఫ్ బాగున్నాయి, మిగతావి అంత బాగాలేవు" అని మాత్రమే. ఈ రెండు మాటల మధ్య తేడా చాలా ఉంది.

ముల్లు_కదిలేవేళ:
మాస్టారు గారి చివరి మాటతో ఏకీభవిస్తూనే గడియారాల పక్షాన కొంత చెప్పాలనుకుంటున్నాను. జేజర్ లెకూల్ట్ 1833 నుంచి స్విట్జర్లాండ్‌లోని వాలే ద జూ లోయలో పని చేస్తోంది. ఐడబ్ల్యూసీని 1868లో షాఫ్‌హౌజెన్‌లో స్థాపించినది ఒక అమెరికన్. వాషెరాన్ 1755 నాటిది. జర్మనీలోని గ్లాస్‌హూటెలో ఉన్న లాంగే సంస్థ తూర్పు జర్మనీ పాలనలో ప్రభుత్వపరమై పేరే లేకుండా పోయింది, బెర్లిన్ గోడ కూలిన తరువాత 1990లో వాల్టర్ లాంగే, గుంటర్ బ్లూమ్‌లైన్ దానిని మళ్ళీ నిలబెట్టారు. ఇటువంటి సంస్థ తనంతట తాను స్టాక్ మార్కెట్‌లో ఉంటే, అమ్మకాలు పడిపోయిన ప్రతి రెండేళ్ళకూ పనివారిని తీసివేయవలసి వస్తుంది. ఒక్కసారి తీసివేస్తే ఆ నైపుణ్యం తిరిగి రాదు. ఎనామెల్ పూత వేసేవారు, ముళ్ళకు చేతితో మెరుగు పెట్టేవారు నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించగానే దొరికేవారు కాదు.

రిష్‌మాంట్‌కు న్యూషాటెల్ ప్రాంతంలో వాల్‌ఫ్లూరియే అనే యంత్రభాగాల కర్మాగారం ఉంది. గడియారం లోపల తిరిగే యంత్రాలను అది సంస్థలోని పలు బ్రాండ్లకు తయారు చేసి ఇస్తుంది. ఇటువంటి ఖర్చును ఒక చిన్న బ్రాండ్ ఒంటరిగా భరించలేదు. ఇక రాజమండ్రి వారి ప్రశ్నకు వస్తే, అమ్మివేయడం సులభమే, కొనేవారు ఎవరన్నదే ప్రశ్న. 2022లో గుచీ మాతృసంస్థ కెరింగ్ తన గడియారాల సంస్థలైన జిరార్ పెర్రెగో, ఉలిస్ నార్డాన్‌లను చివరకు వాటి యాజమాన్య బృందానికే అమ్ముకోవలసి వచ్చింది.

లెక్కల_మాస్టారు:
నైపుణ్యం గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటాను. కానీ ఓపికకు కూడా ఒక ధర ఉంటుంది. 2018కి ముందు రెండేళ్ళలో ఇదే సంస్థ అమ్ముడుపోని గడియారాలను డీలర్ల దగ్గరి నుంచి వెనక్కి కొనుక్కుంది. ఆ ఖర్చు దాదాపు 48 కోట్ల యూరోలు. వాటిలో చాలావాటిని విడదీసి, లోహాన్ని, రాళ్ళను తిరిగి వాడుకున్నారు. తగ్గింపు ధరకు గ్రే మార్కెట్‌లో, అంటే అధీకృత డీలర్లు కానివారి దగ్గర, తమ గడియారాలు కనిపించకూడదన్నదే దాని ఉద్దేశం. నగల లాభం వెనుక ఉండబట్టే ఆ పని చేయగలిగారు. ఇంట్లో పెద్దకొడుకు జీతం మీద తమ్ముళ్ళు నిలదొక్కుకోవడం వంటిది ఇది. అయితే తమ్ముళ్ళు ఎప్పటికి నిలదొక్కుకుంటారో వాటాదారుకు ఎవరూ చెప్పరు.

చార్మినార్_నివాసి:
పెద్దకొడుకు అన్నారు కనుక ఆ పెద్దకొడుకు కథ కూడా కొంత చెప్పుకోవాలి. 1947లో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ వివాహానికి మన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన కానుక లండన్‌లోని కార్టియర్ దుకాణం నుంచి వెళ్ళింది. ఆమె తనకు నచ్చినవి తానే ఎంచుకునేలా నిజాం ఏర్పాటు చేశారు. ఆమె ఒక వజ్రాల కిరీటం, ఒక హారం ఎంచుకున్నారు. హారం ఇప్పటికీ "నైజాం ఆఫ్ హైదరాబాద్ నెక్లెస్" పేరుతోనే ఉంది, 2014లో కేట్ మిడిల్టన్ దానిని ధరించారు. కిరీటాన్ని మాత్రం 1973లో విడదీసి అందులోని వజ్రాలను కెంపుల కిరీటానికి వాడారు. అంతకు ముందే, 1911 ఢిల్లీ దర్బారు సమయంలో జాక్ కార్టియర్ భారతదేశానికి వచ్చి సంస్థానాధీశులతో పరిచయాలు పెంచుకున్నారు. చెక్కిన పచ్చలు, కెంపులు, నీలాలతో వారు చేసిన "టుట్టీ ఫ్రుట్టీ" నగలకు మూలం మన దేశపు రాతిపనే.

రామప్ప_వీధి:
కథ బాగుంది గానీ చర్చకు దీనితో సంబంధమేమిటి? 1947లో రిష్‌మాంట్ అనే సంస్థే లేదు కదా.

చార్మినార్_నివాసి:
లేదు కాబట్టే చెప్పాను. 1847లో పారిస్‌లో మొదలైన కార్టియర్‌ను మూడవ తరంలో ముగ్గురు అన్నదమ్ములు పారిస్, లండన్, న్యూయార్క్‌లలో మూడు శాఖలుగా నడిపారు. తరువాతి తరం 1960లు, 70లలో ఒక్కొక్క శాఖనూ ఒక్కొక్కరికి అమ్మివేసింది. అప్పుడు ఒకే పేరుతో మూడు వేర్వేరు యాజమాన్యాలు ఉండేవి. రాబర్ట్ హాక్, జోసెఫ్ కానూయి నాయకత్వంలోని పెట్టుబడిదారులు ఆ మూడింటినీ 1970లలో ఒక్కొక్కటిగా కొని కలిపారు. ఆ పెట్టుబడిలో దక్షిణాఫ్రికాకు చెందిన రూపర్ట్ కుటుంబపు సొమ్ము కూడా చేరింది. వంశపారంపర్య యాజమాన్యం చెదరగొట్టినదాన్ని బయటి పెట్టుబడి కలిపింది. కుటుంబ సంస్థ అనగానే అది పవిత్రమని, మాతృసంస్థ అనగానే అది దోపిడీ అని మనం అనుకుంటాం. కార్టియర్ విషయంలో జరిగినది దానికి పూర్తిగా విరుద్ధం.

శారద_బెజవాడ:
ఆ సొమ్ము ఎక్కడిదో కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే అవుతుంది. ఆంటన్ రూపర్ట్ 1940లలో దక్షిణాఫ్రికాలో రెంబ్రాంట్ అనే సిగరెట్ల వ్యాపారం మొదలుపెట్టారు. రాత్‌మన్స్ సంస్థ వారి చేతికి వచ్చింది. రాత్‌మన్స్ ద్వారా లండన్‌కు చెందిన పొగాకు, చుట్టల వ్యాపారి ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ వారి గూటిలోకి చేరింది. డన్‌హిల్ తన వంతుగా మాంట్‌బ్లాంక్‌ను, క్లోయీని కొంది. సిగరెట్లు, చుట్టలు, లైటర్లు, కలాలు, దుస్తులు అనే వరుసలో ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఎవరో ఒకరు కూర్చుని "విలాసవస్తు సంస్థల సముదాయం కడదాం" అని పటం గీసి చేసిన పని కాదు ఇది.

1988లో ఆంటన్ కుమారుడు యోహాన్ రూపర్ట్ రెంబ్రాంట్‌కు విదేశాల్లో ఉన్న ఆస్తులను విడదీసి స్విట్జర్లాండ్‌లో రిష్‌మాంట్‌ను ఏర్పాటు చేశారు. వర్ణవివక్ష విధానం వల్ల దక్షిణాఫ్రికా మీద ఆంక్షలు ఉన్న రోజులు అవి. 1999లో రాత్‌మన్స్ బ్రిటిష్ అమెరికన్ టొబాకోలో కలిసింది. 2008లో ఆ పొగాకు వాటాలను వాటాదారులకూ, రైనెట్ అనే లక్సెంబర్గ్ సంస్థకూ పంచివేసిన తరువాతే రిష్‌మాంట్ అచ్చమైన విలాసవస్తు సంస్థ అయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతుల బంధువులు ఈ వేదికలో చాలామంది ఉన్నారు. ఒక సిగరెట్ పెట్టె మీద మిగిలే లాభం ఎక్కడెక్కడికి ప్రయాణిస్తుందో వారికి ఆసక్తిగా ఉంటుందని రాశాను.

ముల్లు_కదిలేవేళ:
శారద గారు చెప్పినదానికి చిన్న చేర్పు. జేజర్, ఐడబ్ల్యూసీ, లాంగే 2000లో రిష్‌మాంట్‌కు దక్కడానికి కారణం కూడా గడియారాలతో సంబంధం లేనిదే. వాటిని కలిగి ఉన్న జర్మన్ సంస్థ మానెస్‌మాన్‌ను టెలిఫోన్ సంస్థ వొడాఫోన్ స్వాధీనం చేసుకుంది. టెలిఫోన్ కంపెనీకి గడియారాలతో పని లేదు కనుక వాటిని అమ్మకానికి పెట్టారు. రిష్‌మాంట్ దాదాపు 300 కోట్ల స్విస్ ఫ్రాంకులు వెచ్చించి ఆ మూడింటినీ తీసుకుంది. అప్పట్లో అది చాలా ఎక్కువ ధర అని విమర్శించారు.

వాటాదారు_రాజమండ్రి:
అందరికీ ధన్యవాదాలు. నాకు ఇప్పుడు మరొక సందేహం కలుగుతోంది. ఇంత ఓపికగా నడపగలగడానికి మూలం రూపర్ట్ కుటుంబపు పట్టు అంటున్నారు. కానీ వారి పెట్టుబడి మొత్తంలో పదవ వంతు మాత్రమేనని, ఓట్లు మాత్రం సగానికి పైగా ఉన్నాయని చదివాను. ఇది ఎలా సాధ్యం?

లెక్కల_మాస్టారు:
రిష్‌మాంట్‌లో రెండు రకాల వాటాలు ఉన్నాయి. మార్కెట్‌లో మనం కొనగలిగే ఎ వాటా ముఖవిలువ 1 స్విస్ ఫ్రాంకు, రూపర్ట్ కుటుంబ సంస్థ చేతిలో ఉన్న బి వాటా ముఖవిలువ 0.10 ఫ్రాంకు. ఏ వాటాకైనా ఓటు ఒకటే. రెండు రకాల వాటాల సంఖ్య సమానం కాబట్టి మూలధనంలో బి వాటాల భాగం 9 శాతం దగ్గర ఉంటుంది, ఓట్లలో మాత్రం సగం. దానికి కొన్ని ఎ వాటాలు కూడా కలిపితే వారి ఓట్లు సగం గీత దాటుతాయి. డివిడెండ్ మాత్రం ముఖవిలువను బట్టే వస్తుంది. ఎ వాటాకు పది వస్తే బి వాటాకు ఒకటే వస్తుంది.

మన దేశంలో టాటా మోటార్స్ 2008లో డీవీఆర్ (ఓటు హక్కులో తేడా ఉన్న) వాటాలు జారీ చేసినప్పుడు, ఓటు హక్కు పదవ వంతు తీసుకున్నవారికి అదనపు డివిడెండ్ ఇచ్చారు. 2024లో వాటిని మామూలు వాటాలుగా మార్చారు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019లో సాంకేతిక సంస్థల ప్రమోటర్లకు ఎక్కువ ఓట్లున్న వాటాలను అనుమతించినా వాటికి కాలపరిమితి పెట్టింది. రిష్‌మాంట్‌లో ఆ పరిమితి లేదు. తరువాతి తరానికి, ఆ పై తరానికి కూడా ఇదే పట్టు కొనసాగవచ్చు. దీన్ని నేను ఒప్పుకోలేను. పెట్టుబడిలో పదవ వంతు పెట్టిన మనిషి పొరపాటు చేస్తే ఆ నష్టంలో పదికి తొమ్మిది వంతులు ఇతరులే భరిస్తారు.

శారద_బెజవాడ:
మీ వాదన సూత్రప్రాయంగా సరైనదే. అయినా 2022 సెప్టెంబరు వాటాదారుల సమావేశంలో ఏం జరిగిందో చూడండి. బ్లూబెల్ అనే పెట్టుబడి సంస్థ ఎ వాటాదారుల ప్రతినిధిగా నగల సంస్థ బుల్గరీ మాజీ అధిపతి ఫ్రాంచెస్కో ట్రపానీని బోర్డులోకి పంపాలని ప్రతిపాదించింది. ఆ ప్రతినిధి ఎన్నికలో ఎ వాటాదారులే విడిగా ఓటు వేశారు, రూపర్ట్ బి ఓట్లు అక్కడ పనిచేయలేదు. అయినా వారు ట్రపానీని కాదని, అప్పటికే బోర్డులో ఉన్న వెండీ లుహాబేను ఎన్నుకున్నారు. ట్రపానీ ఒకప్పుడు ఎల్‌వీఎంహెచ్‌లో నగలు, గడియారాల విభాగానికి అధిపతిగా ఉండటం కూడా ఆ ఫలితానికి ఒక కారణం కావచ్చు. తమ ఇల్లు తాళం వేసి ఉండటమే మేలని బయటి వాటాదారులే అనుకున్నారంటే దానికి అర్థం ఉంది. 2021లో అమెరికా నగల సంస్థ టిఫనీ ఎల్‌వీఎంహెచ్ చేతికి వెళ్ళిన తరువాత కార్టియర్ మీద ఎందరి కళ్ళు ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు.

లెక్కల_మాస్టారు:
తాళం వేసిన ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పనివ్వండి శారద గారూ. నెట్ అ పోర్టర్ వ్యవహారమే దానికి నిదర్శనం. ఆన్‌లైన్ అమ్మకాలే భవిష్యత్తు అని నమ్మి 2018లో యూక్స్ నెట్ అ పోర్టర్ అనే ఆన్‌లైన్ దుకాణాల సంస్థలో తమది కాని వాటాలన్నింటినీ దాదాపు 270 కోట్ల యూరోలకు కొన్నారు. అది లాభాల బాట పట్టలేదు. 2022లో మరో ఆన్‌లైన్ సంస్థ ఫార్‌ఫెచ్‌కు అప్పగించాలని ఒప్పందం చేసుకున్నారు. ఫార్‌ఫెచ్ తానే దివాలా అంచుకు చేరడంతో 2023 డిసెంబరులో ఆ ఒప్పందం రద్దయింది. చివరకు 2025 ఏప్రిల్‌లో జర్మనీ ఆన్‌లైన్ దుకాణం మైథెరెసాకు ఇచ్చివేశారు. ఇచ్చివేశారు అని ఎందుకు అంటున్నానంటే, ఆ సంస్థ ఖజానాలో 55 కోట్ల యూరోలకు పైగా నగదు ఉంచి, అప్పు లేకుండా అప్పగించి, బదులుగా కొన్న సంస్థలో 33 శాతం వాటా తీసుకున్నారు. 2023, 2024, 2025 మార్చి ముగింపు లెక్కల్లో ఈ ఒక్క వ్యాపారం కింద చూపిన నష్టాలు వరుసగా సుమారు 360 కోట్లు, 150 కోట్లు, 100 కోట్ల యూరోలు. 2023లో సంస్థ నికర లాభం 30 కోట్లకు పడిపోవడానికి ఇదే కారణం. ఓట్లు చేదాటిపోయే భయం ఉన్న యాజమాన్యమైతే ఇన్నేళ్ళు ఆగేదా? ముల్లు గారు మెచ్చుకున్న ఓపికే ఇక్కడ మొండితనమైంది. రెండింటికీ మూలం ఒకే ఓటు బలం.

ముల్లు_కదిలేవేళ:
దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే నెట్ అ పోర్టర్ తయారీ సంస్థ కాదు, ఇతరుల సరుకు అమ్మే దుకాణం. రిష్‌మాంట్‌కు చేయి తిరిగిన పని చేతిపనివారిని పోషించడం, తమ దుకాణంలో తామే అమ్ముకోవడం. ఇప్పుడు సంస్థ అమ్మకాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు నేరుగా కొనుగోలుదారుకే జరుగుతున్నాయి. 2019లో బుచెల్లాటిని, 2021లో బెల్జియం తోలువస్తువుల సంస్థ డెల్వోను, 2024లో ఇటలీ నగల సంస్థ వెర్నియేను కొన్న తీరు చూస్తే ఆ దారిలోకే తిరిగి వచ్చారనిపిస్తోంది.

జూరిచ్_తెలుగు:
ఇంతవరకు ఎవరూ ఆచరణాత్మక విషయాలు ముట్టుకోలేదు. భారతదేశంలో ఉంటూ ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు సొమ్ము పంపే రిజర్వు బ్యాంకు పథకం) పద్ధతిలో ఏటా 2,50,000 డాలర్ల పరిమితికి లోబడి ఈ వాటాలు కొనదలచినవారు డివిడెండ్ సంగతి ముందుగా ఆలోచించాలి. స్విస్ ప్రభుత్వం డివిడెండ్ మీద మూలంలోనే 35 శాతం పట్టుకుంటుంది. భారత, స్విస్ పన్ను ఒప్పందం ప్రకారం నిలవవలసినది 10 శాతమే గానీ, మిగతా 25 శాతం దానంతట అది తిరిగి రాదు, దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకోవాలి. చిన్న మొత్తాలకు ఆ శ్రమ, బ్రోకరు రుసుము గిట్టుబాటు కావు. మన ఆదాయపు పన్ను రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ కింద విదేశీ ఆస్తిగా చూపడం తప్పనిసరి.

మరొకటి. సంస్థ లెక్కలు యూరోలలో, వాటా ధర ఫ్రాంకులలో, ఖర్చుల్లో పెద్ద భాగం మళ్ళీ ఫ్రాంకులలో ఉంటుంది. ఫ్రాంకు బలపడిన ప్రతిసారీ గడియారాల విభాగం లాభం నలుగుతుంది. దానికి తోడు 2025 ఆగస్టులో అమెరికా స్విస్ సరుకు మీద 39 శాతం సుంకం వేసింది. నవంబరులో దానిని 15 శాతానికి తగ్గించడానికి ఒప్పందం కుదిరింది. అందుకు ముందు ట్రంప్‌ను కలిసిన స్విస్ వ్యాపారవేత్తల బృందంలో యోహాన్ రూపర్ట్ కూడా ఉన్నారు. భారత్ వైపు చూస్తే, స్విట్జర్లాండ్ సభ్యత్వం ఉన్న ఎఫ్టా దేశాల కూటమితో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది, స్విస్ గడియారాల మీద మన దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది.

రామప్ప_వీధి:
సుంకం తగ్గితే మన దగ్గర వాటి అమ్మకం పెరుగుతుందని ఆశించవచ్చా? మా వరంగల్‌లో లక్ష రూపాయలు చేతిలో ఉన్నవారు గడియారం కన్నా గాజులే కొంటారు.

శారద_బెజవాడ:
గడియారం సంగతి ఏమో గానీ, గాజుల విషయంలో కార్టియర్‌కు, మన కొనుగోలుదారుకు మధ్య అసలు పొత్తు కుదరదు రామప్ప గారూ. మనం తూకం చూసి, తరుగు, మజూరీ బేరమాడి, రేపు అవసరమైతే ఎంతకు మారుతుందో లెక్క వేసుకుని కొంటాం. కార్టియర్ 1969 నుంచి అమ్ముతున్న లవ్ కడియం మీద బంగారం తూకం ధరలో చిన్న భాగమే, మిగతాది పేరుకే. నగల విభాగంలో 32 శాతం లాభం మిగలడానికి రహస్యం అక్కడే ఉంది. అయితే బంగారం ధర ఇంతగా పెరిగినప్పుడు ఆ చిన్న భాగం కూడా పెద్దదవుతుంది. నగల అమ్మకాలు పెరిగినా లాభశాతం 33 నుంచి 32కు జారడం గమనించండి. ధరలు పెంచి దీన్ని సర్దుకోవచ్చు గానీ, ఎంత వరకు పెంచవచ్చునన్నదే రాబోయే ఏళ్ళలో చూడవలసిన అంకె.

వాటాదారు_రాజమండ్రి:
నా మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. అమ్మివేయడం కన్నా ఉంచుకోవడంలోనే అర్థం ఉందని గడియారాల విషయంలో ఒప్పుకుంటున్నాను, దుస్తుల విషయంలో ఇంకా నమ్మకం కుదరలేదు. చివరగా ఒకటి అడుగుతాను. యోహాన్ రూపర్ట్ 1950లో జన్మించినవారు. ఆయన తరువాత ఏమిటి?

లెక్కల_మాస్టారు:
నిర్వహణ వైపు మార్పు ఇప్పటికే మొదలైంది. వాన్ క్లీఫ్‌ను నడిపిన నికొలా బాస్ 2024 జూన్ నుంచి మొత్తం సంస్థకు సీఈఓ అయ్యారు, అంటే నగల మనిషి చేతికి పగ్గాలు వచ్చాయి. యాజమాన్యం వైపు, యోహాన్ కుమారుడు ఆంటన్ రూపర్ట్ 2017 నుంచి బోర్డులో ఉన్నారు. బి వాటాలు కుటుంబంలోనే ఉంటాయి కాబట్టి ఓట్లు ఎక్కడికీ పోవు. నేను మాత్రం ఈ ధరకు కొనను. 2025 మార్చి నాటికి సంస్థ దగ్గర 830 కోట్ల యూరోల నికర నగదు ఉంది. దానిని తరువాతి తరం మరొక నెట్ అ పోర్టర్ మీద పెట్టదని నాకు ఎవరు హామీ ఇస్తారు?

శారద_బెజవాడ:
నేను కొన్నాను మాస్టారూ, ఉంచుకుంటాను కూడా. అదే 830 కోట్లు ఉండబట్టే గడియారాల అమ్మకాలు 13 శాతం పడిపోయిన ఏడాదిలో కూడా ఎవరికీ ఏదీ అయినకాడికి అమ్మవలసిన అవసరం రాలేదు. వచ్చే మే నెలలో వార్షిక లెక్కలు వెలువడగానే గడియారాల విభాగం లాభశాతం, దుస్తుల విభాగం నష్టం ఇక్కడే పెడతాను, అప్పుడు మళ్ళీ వాదించుకుందాం.